వెన్నుపాము గాయము: కహాల్ గ్రంథముపై ఒక విమర్శ

చేతినాడి తెగినచో, దానిని కుట్టిన పిమ్మట నాడీతంతువులు దినమునకు ఇంచుమించు 1 మిల్లీమీటరు చొప్పున మరల పెరుగును. వెన్నుపాము తెగినచో అట్లు జరుగదు. గాయమునకు దిగువనున్న అవయవములు చచ్చుబడును. ఈ భేదమునకు కారణమేమి?

స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ 1913–14లో ప్రకటించిన గ్రంథము ఈ ప్రశ్నను చర్చించినది. వెన్నుపాములో తెగిన తంతువులు మొలకెత్తి, కొలదిదూరము పోయి ఆగిపోవుటను ఆయన సూక్ష్మదర్శినితో చూచి చిత్రించెను. ఆ పరిశీలన శ్లాఘనీయము. కాని నాడీమార్గములు అచట పునరుద్ధరింపబడవను ఆయన తీర్పే పాఠములలో స్థిరపడినది. కుందేలు మెదడులో కాలినాడి ముక్కను నాటగా తంతువులు దానిలోనికి పెరిగినవని ఆయన శిష్యుడు టెల్లో 1911లో చూపిన ప్రయోగము ఆ గ్రంథముననే యున్నది. దాని యర్థమును కహాల్ గుర్తించెను, చదువరులు మరచిరి.

1981లో కెనడాలో డేవిడ్, అగ్వాయో అను శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడు అడుగుభాగమునకును వెన్నుపామునకును నడుమ కాలినాడిని వంతెనగా అమర్చిరి. తంతువులు 30 మిల్లీమీటర్ల వరకు పెరిగినవి. కావున లోపమంతయు నాడీకణములది కాదు, పరిసరములది కూడ. వెన్నుపాములో తంతువులను కప్పియుండు మైలిన్ పొరలోని కొన్ని ప్రోటీనులు పెరుగుదలను అడ్డగించునని తరువాత తేలినది.

మనుష్యుని వెన్నుపామును పూర్తిగా బాగుచేయు చికిత్స నేటికిని లేదు. అయినను “పెరుగలేదు” అనుట వేరు, “పెరుగనీయబడుట లేదు” అనుట వేరు. విద్యార్థికి బోధింపవలసినది రెండవ మాట.