దాచుకున్నామన్న ధీమా

తన తప్పును తానే శోధించి, ఫలితాన్ని నలుగురి ముందు పెట్టే సంస్థలు తక్కువ. ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాములను భద్రపరచుకొని, కలిసి సవరించుకునే వేదిక గిట్‌ల్యాబ్ ఆ పని చేసింది. 2017 జనవరి 31న తన డేటాబేస్ తుడిచిపెట్టుకుపోయిన తీరుపై ఫిబ్రవరి 10న అది వెలువరించిన నివేదిక నిజాయితీకి నమూనాగా పేరు పొందింది. ఆ పేరు న్యాయమైనదే. అయితే మెచ్చుకోవడంతో ఆగిపోతే అసలు పాఠం జారిపోతుంది.

ముందు జరిగింది చూద్దాం. ప్రధాన కంప్యూటర్‌లోని డేటాబేస్‌ను రెండో కంప్యూటర్ ఎప్పటికప్పుడు అనుకరిస్తుండేది. ఆ రోజు రెండోది వెనకబడింది. దాన్ని ఖాళీ చేసి మళ్లీ నింపాలని ఒక ఇంజనీరు ఆదేశం ఇచ్చారు. కానీ ఆ ఆదేశం అమలైంది ప్రధాన కంప్యూటర్ మీద! ఒకటి రెండు సెకన్లలోనే ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లే.

‘బ్యాకప్ ఉందిగా’ అనుకుంటాం. రోజూ నకలు తీసే ఏర్పాటు నిజంగానే ఉంది. కానీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 రకానిది కాగా, నకలు తీసే ప్రోగ్రాము 9.2 నాటిది. అది రోజూ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి తెలిపే ఈ-మెయిళ్లను, పంపినవారి ధ్రువీకరణ సరిగా లేదని, అందుకోవలసిన సర్వరే తిప్పికొట్టింది. నకళ్లు ఉండాల్సిన గిడ్డంగి తెరిచి చూస్తే ఖాళీ!

చివరికి ఆదుకున్నది మరో ప్రయోగం కోసం ఒక ఇంజనీరు సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిన నకలు. అది లేకపోతే మామూలుగా 24 గంటలకోసారి తీసే నకలే గతి. ఉన్న నకలునైనా నెమ్మదైన డిస్కుల నుంచి తెచ్చి, సేవలను పునరుద్ధరించేసరికి 18 గంటలు పట్టింది. ప్రోగ్రాముల మూలప్రతులు భద్రంగానే ఉన్నా, ఆ ఆరు గంటల్లో నమోదైన సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 మంది కొత్త సభ్యుల ఖాతాలు పోయాయి.

నివేదికలో రెండు గుణాలు మెచ్చదగినవి. ఇంజనీరు పేరు బయటపెట్టి బలిపశువును చేయలేదు. ‘ఎందుకు?’ అని ఒకదాని వెనుక ఒకటిగా ప్రశ్నించుకుంటూ మూలం దాకా వెళ్లింది. నకళ్లను పరీక్షించే బాధ్యత ఎవరికీ అప్పగించలేదని అక్కడే ఒప్పుకుంది.

నా అభ్యంతరం కూడా అక్కడే. ఈ ఒప్పుకోలు నివేదిక లోపలెక్కడో ఒక ఉపప్రశ్నకు జవాబుగా ఒదిగిపోయింది. నిజానికి అది శీర్షికలో ఉండవలసిన మాట. తప్పుడు ఆదేశం ఒక్క రాత్రి ముచ్చట. పరీక్షించని నకలు అంతకుముందు నుంచే ఉన్న జబ్బు. పదిమంది చేతిలో పడ్డ పాము చావదంటారు. అందరిదీ అయిన బ్యాకప్ ఎవరిదీ కాకుండా పోయింది.

ఇంకో భ్రమ కూడా పోవాలి. వెంటవెంటనే అనుకరించే రెండో కంప్యూటర్ బ్యాకప్ కాదు. ప్రధాన కంప్యూటర్ చెడిపోతే అది ఆదుకుంటుంది. అదే డేటాబేస్‌లో ఒక పట్టికను పొరపాటున చెరిపేస్తే, ఆ చెరిపివేతనూ విశ్వాసంగా అనుకరిస్తుంది. అందుకే పాత తేదీల నకళ్లు విడిగా ఉండాలి.

ఆసుపత్రి రికార్డులైనా, కళాశాల మార్కుల జాబితా అయినా పరీక్ష ఒక్కటే. మొన్నటి నకలును ఒక ఖాళీ కంప్యూటర్‌లో ఎక్కించి, నాలుగు రికార్డులు తెరిచి చూడండి. ఎంతసేపు పట్టిందో, ఎన్ని గంటల సమాచారం తగ్గిందో రాసుకోండి. ఆ పని చేయవలసిన మనిషి పేరు కూడా ఆ కాగితం మీదే ఉండాలి. తిరిగి ఎక్కించి చూడనంత వరకు మన దగ్గరున్నది నకలు కాదు, నకలు ఉందన్న నమ్మకం మాత్రమే.