బలమునకు ఏమైనా ఇవ్వండి

ఈ వారము నా మనస్సును కలచివేసిన సంగతి ఒక మందుల దుకాణములో జరిగినది. రక్తపోటు మాత్రల కొరకు నేను నిలుచుండగా, పక్కన చేతిసంచి పట్టుకొని నిలుచున్న ఒక నడివయస్సు మనిషి దుకాణపు కుర్రవానితో, "మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్ బాబూ, కీమో నడుస్తోంది. బాగా నీరసపడిపోతోంది, బలానికి ఏమన్నా ఇవ్వు" అన్నాడు. ఆ కుర్రవాడు ఏ మందు ఎక్కించుచున్నారని గాని, ఎన్నవ విడత అని గాని, ఆమె ఏమి తినగలుగుచున్నదని గాని అడుగలేదు. వెనుకకు తిరిగి మూడు సీసాలు దించి గాజుబల్ల మీద పెట్టినాడు. ఒకటి యాంటీఆక్సిడెంట్ గుళికలు, ఒకటి బి విటమిన్లు, మూడవది పసుపు సారమునకు మిరియాల సారము జోడించిన గుళికలు. ఆ మనిషి ధరయైన అడుగకుండ మూడింటిని సంచిలో వేసికొని వెళ్లిపోయినాడు.

ఈ శీర్షికను ఏండ్ల తరబడి చదువుచున్నవారికి నా పట్టుదలలు తెలియును. మోతాదు చెప్పని సలహా సలహా కాదన్నది వానిలో పాతది. ఆ పట్టుదలతోనే ఆ మూడు సీసాలను గూర్చి ఇంటికి వచ్చి ఆలోచించితిని. పసుపునే తీసికొందము. రొమ్ము క్యాన్సర్ రోగులలో అనేకులు శస్త్రచికిత్స, కీమో ముగిసిన పిదప ఏండ్ల తరబడి వాడు టామాక్సిఫెన్ అను మాత్ర తనంతట తాను చేయు పని స్వల్పము. కాలేయము దానిని ఎండాక్సిఫెన్‌గా మార్చినపుడే అది గట్టిగా పనిచేయును. 2019లో నెదర్లాండ్స్ వైద్యులు టామాక్సిఫెన్ వాడుచున్న 16 మందికి 1,200 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ రోజుకు మూడు మార్లు ఇచ్చి చూడగా, రక్తములో ఎండాక్సిఫెన్ సుమారు 8 శాతము, మిరియాలలోని పైపెరిన్ కూడ చేర్చినపుడు సుమారు 12 శాతము తగ్గినది. పసుపుకొమ్ములో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లనుకొన్నచో ఆ మోతాదు దినమునకు 120 గ్రాముల పసుపుతో సమానము. కనుక పప్పులో మన తల్లులు వేసిన చిటికెడు పసుపుకు ఈ పరీక్షతో పని లేదు. సీసాలోని పసుపునకే పని ఉన్నది. వంటింటి పేరు పెట్టుకొని వచ్చినంత మాత్రమున ఒక పదార్థము వంటింటి పరిమాణములో ఉన్నట్లు కాదు.

తక్కిన రెండు సీసాల సంగతి ఇంతకంటె గంభీరమైనది. డాక్సోరూబిసిన్ — దాని రంగును బట్టి రోగులు 'ఎర్ర మందు' అని చెప్పుకొనునది — క్యాన్సర్ కణమును దెబ్బతీయు మార్గములలో ఆక్సీకరణము ఒకటి. అట్టి మందు రక్తములో ప్రవహించుచుండగా ఆక్సీకరణమును అణచు గుళికను మ్రింగుట సమంజసమా అన్న సందేహము వైద్యులకు చిరకాలముగా ఉన్నది. అమెరికాలో డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, పాక్లిటాక్సెల్ తీసికొనిన 1,134 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల అలవాట్లను అడిగి తెలిసికొని, తర్వాతి సంవత్సరములలో వారిని గమనించి, 2020లో ప్రచురించిన పరిశీలనలో, కీమోకు ముందును, కీమో జరుగుచుండగను యాంటీఆక్సిడెంట్లు వాడినవారిలో వ్యాధి తిరుగబెట్టుట ఎక్కువగా ఉన్నట్లు కనిపించినది గాని, అది యాదృచ్ఛికము కావచ్చునన్న సందేహము పూర్తిగా తొలగలేదు. బి12 వాడినవారిలో మాత్రము వ్యాధి తిరుగబెట్టుటయు మరణమును స్పష్టముగనే అధికముగా కానవచ్చినవి. సాధారణ మల్టీవిటమిన్ మాత్రల వలన మేలును కీడును కనిపింపలేదు. ఇది కారణమును నిరూపించు జాతి పరిశోధన కాదు, గుళికలు వాడినవారి సంఖ్యయు కొద్ది. అయినను జాగ్రత్త పడుటకు ఆ మాత్రము చాలును. అంతకు ముందే, 2013లో, పాక్లిటాక్సెల్ జాతి మందుల వలన కాళ్లు చేతులు తిమ్మిరెక్కుటను నివారించునన్న ఆశతో అసిటైల్ కార్నిటీన్ అను పదార్థమును 409 మంది స్త్రీలపై చీట్లు తీసినట్లు రెండు వర్గములు చేసి పరీక్షింపగా, ఆ గుళిక మ్రింగినవారికే తిమ్మిరి ఎక్కువైనది. మేలు చేయునని నమ్మి ఇచ్చినది ఆ మేలుకే అడ్డు వచ్చినది.

ఈ మాట వ్రాయగానే నా మనస్సు భీమవరమునకు పోయినది. యల్లాప్రగడ సుబ్బారావుగారిని నేను తడవకొకమారు ఈ శీర్షికలోనికి తెచ్చుచుందునని కొందరు మిత్రులు అందురు. కాని విటమినును క్యాన్సరును ఒకే వాక్యములో పలుకవలసివచ్చినపుడు ఆయనను విడిచి పలుకుట నాకు చేతకాదు. 1895 జనవరి 12న భీమవరములో పుట్టిన ఆయన, తన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో — తిన్నది ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎముకలగూడైపోవు రోగముతో — పోవుట చూచినారు. తనకును అదే వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. మద్రాసులో వైద్యవిద్య ముగించి, కొంతకాలము ఆయుర్వేద కళాశాలలోనే బోధించి, 1920ల ఆరంభములో బోస్టనుకు పయనమైనారు. ఇట్లు రెండు వైద్యముల అన్నమును తిన్న మనిషి రెంటిలో దేనిని చులకన చేసియుండడని నా విశ్వాసము.

1930 ప్రాంతమున బొంబాయి జౌళి మిల్లులలో పనిచేయు గర్భవతుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారము తినిపించినచో వారి రక్తము కోలుకొనుట గమనించినారు. ఆ సారములోని గుణము ఏ పదార్థమునదో పిమ్మట తేలినది. 1941లో పాలకూర ఆకులనుండి వేరుచేసిన శాస్త్రజ్ఞులు దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945 నాటికి దానిని కృత్రిమముగా తయారుచేసినది. తన సోదరులను కబళించిన వ్యాధికి మందు ఆయన చేతిలోనికి వచ్చినది. ఆ దినములలోనే న్యూయార్కులో ఎలుకల రొమ్ము కణుతులు ఈ జాతి పదార్థముతో కరిగిపోయినవన్న వార్త వచ్చినది. ఇంకేమి, విటమినుతో క్యాన్సరు లొంగునన్న ఆశ పుట్టినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరుతో ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు సంయోగములను ఇచ్చి చూచినారు. వారి ఎముక మజ్జలో వ్యాధి వేగిరపడినట్లు ఆయనకు తోచినది. ఆ వేగము నిజముగా విటమిను వలననేనా అని తర్వాతివారు వాదించినారు గాని, ఫార్బర్ మాత్రము ఆ క్షణమున తలక్రిందుగా ఆలోచించినారు: ఇచ్చుట వలన పెరిగినచో అడ్డుకొనుట వలన తగ్గవలెను గదా! ఫోలిక్ ఆమ్లము వలె కనిపించి, కణమును మోసగించి, దాని పనిని స్తంభింపజేయు అమినోప్టెరిన్ సుబ్బారావుగారి బృందమునుండియే వచ్చినది. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లలలో 10 మంది, కొంతకాలమే అయినను, కోలుకొన్నారు. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసినారు, వయస్సు 53. అమినోప్టెరినుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను మరి రెండు మందులతో చేర్చి, రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స చేయించుకొనిన స్త్రీలకు ఇచ్చినచో వ్యాధి తిరుగబెట్టుట తగ్గునని ఇటలీలో బొనాదొన్నా 1976లో చూపినారు. ప్రపంచములో ఎన్ని లక్షల ఇండ్లలో ఆ భీమవరపు బిడ్డ పేరు తెలియకనే ఆయన శ్రమ ఫలమును అనుభవించినారో గదా!

ఈ కథలో నన్ను నిలువరించునది ఏదనగా, రక్తహీనుని బ్రదికించు పదార్థమునకు అడ్డుపడుటయే క్యాన్సరు రోగికి చికిత్స అగుట. నేటికిని అంతే. రొమ్ము క్యాన్సరులో ఇచ్చు కాపెసైటబీన్ మాత్రలతో ఫోలిక్ ఆమ్లము కలిసినచో విరేచనములును, అరచేతుల అరికాళ్ల మంటయు పెరుగవచ్చును. ఊపిరితిత్తుల క్యాన్సరులో ఇచ్చు పెమెట్రెక్సెడ్ అను మందునకు ముందు అదే ఫోలిక్ ఆమ్లమును, బి12ను వైద్యులే తప్పనిసరిగా ఇత్తురు. ఆ దుకాణములో ఎవరును మందు పేరు అడుగకపోవుట నన్ను అంతగా ఎందుకు బాధించినదో పాఠకులకు ఇప్పుడు తెలిసియుండును.

ఇంతవరకు వ్రాసి, సీసాలన్నింటిని ఇంటి వెలుపల పెట్టుడని ముగింపదలచి కూర్చున్న నాకు, గుంటూరులో మా అన్నయ్య కూతురు అన్న మాట జ్ఞప్తికి వచ్చినది. ఏబది దాటిన మనిషి. ఎర్ర మందు నాలుగు విడతలు ముగించుకొని, వారమునకొకమారు పాక్లిటాక్సెల్ ఎక్కించుకొనుచున్నది. వారిది శాకాహారపు ఇల్లు. ఎర్ర మందు దినములలో నోరంతయు పూసి, పోపు వాసనకే కడుపులో త్రిప్పుచుండుట చూచి, మా వదిన పోపు పెట్టుట మానివేసినది. పెసరకట్టును గోరువెచ్చగా చల్లార్చి — వేడి తగ్గినచో వాసనయు తగ్గును — మెత్తని అన్నములో పెరుగుతో పాటు కలిపి, స్టీలు చెంచాతో తిన్నచో నోరంతా ఇనుపరుచి వచ్చుచున్నదనగా కొయ్య చెంచాతో, రోజుకు ఆరేడు మార్లు కొంచెము కొంచెముగా పెట్టెడిది. తిన్నదెంతో ఒక నోటు పుస్తకములో వ్రాసెడిది: "రాగిజావ, చిన్న గ్లాసు, సగం వదిలేసింది." ఆ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమును ఏదో ఒక డబ్బాయో సీసాయో తెచ్చినవారే, గోధుమగడ్డి పొడి, లక్ష్మణఫలపు ఆకుల చూర్ణము, ఒమేగా గుళికలు, జుట్టు మరల వచ్చుటకు బయోటిన్. మీల్‌మేకర్ సోయా వస్తువని, దానిని తినవద్దని హెచ్చరించి పోయినవారును ఉన్నారు. షాంఘైలో 5,042 మంది రొమ్ము క్యాన్సర్ స్త్రీలను గమనించి 2009లో ప్రకటించిన పరిశీలనలో సోయా ఆహారము ఎక్కువగా తిన్నవారికే వ్యాధి తిరుగబెట్టుటయు మరణమును తక్కువగా కనిపించినవి. మాంసకృత్తులకు కరవైన ఆ ఇంటిలో, ముప్పది గ్రాములకు పదునైదు గ్రాముల మాంసకృత్తులిచ్చు వస్తువును ఒక భయము బయటకు పంపినది.

ఇవన్నియు డాక్టరుకు చూపినావా అని నేను కొంచెము గట్టిగనే అడిగితిని. అప్పుడు ఆమె అన్నది: "అత్తయ్యా, అక్కడ ఏం తినాలని అడిగితే 'ఏదైనా తినండి, బలమైన ఆహారం తినండి' అని చీటీ చేతిలో పెట్టేస్తారు. ఇవి తెచ్చినవాళ్లు నా పక్కన కూర్చుని, ముద్ద దిగుతోందా, నోరు ఎలా ఉంది, రాత్రి ఏం తిన్నావు అని అడిగారు. వాళ్లు తెచ్చినవి పారేయడానికి నాకు మనసు రాలేదు. అక్కడ చూపిస్తే తిడతారేమోనని దాచాను."

దీనిని విన్న తర్వాత సీసా తెచ్చిన చుట్టము మీద నాకు కోపము నిలువలేదు. దుకాణములో ఆ భర్త చూపిన ఆత్రము కూడ అట్టిదే. భార్య నీరసమును చూచి ఊరకుండలేక ఆయన అడిగిన ప్రశ్న సరియైనదే, అది చేరవలసిన చోటికి చేరలేదు. అరువది కిలోల మనిషికి దినమునకు అరువది మొదలు తొంబది గ్రాముల వరకు మాంసకృత్తులు కావలెనని, అవి పప్పులో ఎంత, పెరుగులో ఎంత, మీల్‌మేకరులో ఎంత వచ్చునో కాగితము మీద లెక్కవేసి చూపువారు ఆస్పత్రిలో ఒకరు ఉండి, మీరు ఇంకేమేమి మ్రింగుచున్నారని కసరకుండ ప్రతి విడతకు అడిగినచో, ఆ సీసాలు దాచవలసిన అవసరమే రాదు. అట్టివారు లేని చోట మందుల దుకాణపు కుర్రవాడు వైద్యుడగుచున్నాడు.

తర్వాతి పాక్లిటాక్సెల్ దినమున మేమిద్దరము ఆ సీసాలన్నింటిని, వదిన నోటు పుస్తకమును తీసికొనిపోతిమి. ఆహార నిపుణురాలు, వయస్సులో చిన్నదే, ప్రతి సీసా వెనుక అచ్చును చదివి ప్రక్కకు పెట్టినది. లక్ష్మణఫలపు చూర్ణమును, యాంటీఆక్సిడెంట్లను మానుమన్నది. బయోటిన్ కొన్ని రక్తపరీక్షల ఫలితములనే తారుమారు చేయునని చెప్పి దానిని కూడ ఆపినది. మీల్‌మేకరును తిరిగి వంటింటికి పంపినది. నోటు పుస్తకమును మాత్రము చాలాసేపు చూచి, కాలివ్రేళ్ల తిమ్మిరి ఎప్పటినుండి అని అడిగి, డాక్టరుతో మాట్లాడి, బి12 పరీక్ష వ్రాయించినది. అది చాలా తక్కువగా ఉన్నట్లు తేలినది. పాక్లిటాక్సెల్ వలన వచ్చు తిమ్మిరియు, బి12 లోపించుట వలన వచ్చు తిమ్మిరియు పైకి ఒకే తీరున నుండును. ఏండ్ల తరబడి జంతువులనుండి వచ్చు ఆహారములో పాలు పెరుగులు తప్ప మరి యేమియు ముట్టని మన శాకాహారులలో ఆ లోపము సాధారణము. డాక్టరు బి12 ఇంజెక్షన్లు వ్రాసినారు. అమెరికా స్త్రీల పరిశీలనను చదివియున్న నేను భయపడి అడుగగా, "వాళ్లు కొరత ఉందో లేదో చూసి మింగినవాళ్లు కాదమ్మా. ఈవిడకు కొరత ఉంది, దాన్ని అలా వదిలేస్తే నరాలు పాడవుతాయి. లెవెల్ సరిపోగానే ఆపేద్దాం" అన్నారు. నన్ను బెదరించిన మందునే, పరీక్ష చేసి, కొలచి, ముగింపు చెప్పి ఇచ్చినారు.

పాక్లిటాక్సెల్ ముగిసిన పిమ్మట ఆమెకు లెట్రోజోల్ మాత్రలు మొదలగును. అవి ఎముకలను పలుచజేయును గనుక ముందుగా ఎముకల సాంద్రతా పరీక్ష చేయింతురట. కాల్షియము ఎంత రాగిజావలోనుండి, ఎంత పెరుగులోనుండి, ఎంత మాత్రలోనుండి రావలెనో అడుగవలెనని మా వదిన అప్పుడే నోటు పుస్తకపు కొత్త పుటలో వ్రాసికొన్నది; విటమిన్ డి పరీక్ష సంగతి దాని క్రింద మా మేనకోడలు తన చేతితో చేర్చినది.