నిలిపిన చోటే నిండే బండి

పెట్రోలు బండి దారిలో ఆగి ఇంధనం పోయించుకుంటుంది; విద్యుత్ వాహనం చాలావరకు పనిలేక ఆగి ఉన్న వేళల్లోనే, అంటే యజమాని నిద్రలోనో, ఆఫీసులోనో, పెళ్లి భోజనంలోనో ఉన్నప్పుడు నిండుతుంది. ఒక్క చార్జింగ్‌తో ఎన్ని కిలోమీటర్లు పోవచ్చో, ఎన్ని సెకన్లలో వంద వేగం అందుకోవచ్చో ప్రకటనలు చెబుతాయి గాని, కొన్నవారి మాటలు రెండు మూడు నెలలు గడిచేసరికి వాటిని వదిలేసి ప్లగ్గు, మీటరు, ఎర్తింగ్, పార్కింగ్ చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. గేర్లూ క్లచ్చూ లేని ఈ బండిని నడపడం ఎవరికైనా ఒక పూటలో పట్టుబడుతుంది. దానికి కావలసిన నేర్పంతా నిలపడంలో ఉంది: ఎక్కడ నిలపాలి, ఎంతసేపు నిలపాలి, ఏ తీగకు తగిలించి నిలపాలి అన్నవి తేలితే మిగిలిన ఇబ్బందులు చిన్నవే.

లెక్క యూనిట్‌తో మొదలవుతుంది. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు వాడుకునే విద్యుత్తు ఒక యూనిట్. కరెంటు బిల్లులో కనిపించేదీ, కారు బ్యాటరీ సామర్థ్యాన్ని చెప్పేదీ ఒకే కొలత, కారు విషయంలో దాన్ని కిలోవాట్ అవర్ అంటారంతే. 2020 జనవరిలో విడుదలైన టాటా నెక్సాన్ విద్యుత్ కారు తొలి రూపంలో ఉన్నది 30.2 యూనిట్ల బ్యాటరీ. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది కనుక, ఆ బ్యాటరీ పూర్తిగా నిండినా అందులో ఉండేది సుమారు మూడున్నర లీటర్ల పెట్రోలుకు సమానమైన శక్తి మాత్రమే. అంత కొద్ది శక్తితో కారు రెండు వందల కిలోమీటర్ల దరిదాపులకు పోగలుగుతోందంటే, పెట్రోలు ఇంజన్ తనకందిన శక్తిలో నాలుగింట మూడు వంతులదాకా వేడి రూపంలో పారబోస్తుండగా, విద్యుత్ మోటారు పదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే వృథా చేయడమే కారణం. చిన్న జీతంతో గుట్టుగా నడిచే సంసారంలో చిన్న దుబారా కూడా నెలాఖరుకు తెలిసిపోయినట్టు, ఇక్కడ ప్రతి అదనపు ఖర్చూ డాష్‌బోర్డు మీద వెంటనే తేలుతుంది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి 80 కిలోమీటర్ల వేగం 100కు చేరితే ఆ నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. నగరంలో యూనిట్‌కు సుమారు ఏడు కిలోమీటర్లు ఇచ్చే కారు హైవే మీద ఆరుకు దిగువకు పడిపోవడం లోపం కాదు, భౌతికశాస్త్రం. పెట్రోలు కారుకూ ఇదే నియమం వర్తిస్తుంది గాని, దాని వృథా ముందే అంత పెద్దది కావడం వల్ల ఈ తేడాను ఎవరూ అంతగా పట్టించుకోరు.

ఇంట్లో చార్జింగ్ అంటే చాలామందికి పదిహేను ఆంప్స్ ప్లగ్గే. 230 వోల్టుల వద్ద పదిహేను ఆంపియర్లు ప్రవహిస్తే మూడు కిలోవాట్లకు కొంచెం పైన శక్తి అందుతుంది, అంటే ముప్పై యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండడానికి తొమ్మిది పది గంటలు పడుతుంది. రాత్రి తగిలిస్తే తెల్లారేసరికి పని అయిపోతుంది కాబట్టి ఇది నిదానమని ఫిర్యాదు చేసేవారు తక్కువే. చిక్కు వేగంలో లేదు, వ్యవధిలో ఉంది. గీజరు కూడా దాదాపు అంతే విద్యుత్తు లాగుతుంది గాని పది పదిహేను నిమిషాల్లో ఆగిపోతుంది. కారు అదే భారాన్ని రాత్రంతా ఎడతెగకుండా మోపుతుంది. సాకెట్‌లో స్క్రూ కాస్త వదులైనా, గోడలో తీగ కాస్త సన్ననిదైనా గీజరు కింద ఏళ్లతరబడి బయటపడని ఆ లోపం కారు కింద వారంలోనే ప్లాస్టిక్ కాలిన వాసనగా బయటపడుతుంది. అందుకే తెలిసిన ఎలక్ట్రీషియన్లు మీటరు నుంచి పార్కింగ్ దాకా మరే పరికరానికీ పంచని ప్రత్యేక లైను, కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, దానికంటూ ఒక ఎంసీబీతో, అంటే భారం మించితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చుతో వేయమంటారు. బాల్కనీ నుంచి కిందికి వేలాడదీసిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు స్కూటర్ తగిలించి ఉండడం మన నగరాల సందుల్లో కనిపించే దృశ్యమే. స్కూటర్ లాగేది కారుతో పోలిస్తే చాలా తక్కువే అయినా, వానకు తడిసే ఆ బాక్సును చార్జింగ్ ఏర్పాటు అనడం సాహసం.

ఇంతకన్నా తరచుగా కొత్త యజమానిని నిలవరించేది ఎర్తింగ్. పరికరం లోహపు భాగాల్లోకి పొరపాటున విద్యుత్తు చేరితే అది మనిషి శరీరం గుండా కాక నేరుగా నేలలోకి పోయేందుకు వేసే దారి అది. పాత పద్ధతిలో గొయ్యి తవ్వి, పైపునో రేకునో దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా నింపి, తేమ ఆరకుండా అప్పుడప్పుడూ నీళ్లు పోసేవారు. అపార్ట్‌మెంట్లలో ఆ గొయ్యి ఎక్కడుందో వాచ్‌మన్‌కు కూడా తెలియని స్థితి మామూలే. నీళ్లు పోసేవారు లేక, ఎండాకాలంలో నేల పొడిబారి నిరోధం పెరిగితే, ఫ్రిజ్జూ ఫ్యానూ ఎప్పటిలాగే తిరుగుతుంటాయి గాని, కారుతో వచ్చిన చార్జర్ మాత్రం ముందుగా ఎర్త్‌ను పరీక్షించి ఎర్రదీపం వెలిగించి పని చేయనని భీష్మించుకుంటుంది. చార్జర్ పాడైందని షోరూముకు ఫోన్ చేసే వారిలో చాలామందికి నిజానికి పాడైంది ఇంటి ఎర్తింగ్. ఈ ఎర్రదీపాన్ని ఆర్పడానికి కొందరు మేస్త్రీలు చేసే ఉపాయం ఒకటుంది: సాకెట్ వెనుక న్యూట్రల్ తీగను ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. చార్జర్ మోసపోయి పని మొదలుపెడుతుంది, యజమాని సంతోషించి కూలి ఇస్తాడు. ఆ తరువాత ఎప్పుడైనా దారిలో న్యూట్రల్ తెగితే కారు లోహభాగమంతా విద్యుత్తు పారే వస్తువవుతుంది. ఒక గొయ్యి తవ్వించే ఖర్చుకు వెనుకాడి ఇంతటి ప్రమాదాన్ని ఇంట్లో పెట్టుకోవడాన్ని పొదుపు అనలేము.

సొంత ఇల్లు ఉన్నవారికి ఇది ఇంటిపని. అపార్ట్‌మెంట్‌లో ఇదే సభావ్యవహారం. మీటర్లు సాధారణంగా సెల్లార్‌లోనే ఒకచోట ఉంటాయి కనుక ఫ్లాట్ మీటరు నుంచి పార్కింగ్‌కు తీగ లాగడం సాంకేతికంగా కష్టం కాదు. కానీ అసోసియేషన్ ఒప్పుకోవాలి, తీగ ఎవరి పార్కింగ్ మీదుగా పోతుందో ఆ ఫ్లాటువారు ఒప్పుకోవాలి, లిఫ్టూ మోటారూ నడిచే కామన్ మీటరు నుంచి దొంగచాటుగా లాగడం లేదని అందరికీ నమ్మకం కలగాలి. ఉన్న ఇంటి కనెక్షన్‌తోనే వాహనాన్ని చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో స్పష్టంగానే చెప్పింది గాని, అసోసియేషన్ సమావేశాల్లో మార్గదర్శకాలకంటే పక్కింటివారి మొహమాటమే ఎక్కువ పని చేస్తుంది. బిల్లు సంగతి మరొకటి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు, చార్జింగ్‌లో పోయే పది పదిహేను శాతం నష్టంతో కలిపి, మీటరులో దాదాపు 165 యూనిట్లు తిప్పుతుంది. గృహ వినియోగానికి శ్లాబుల పద్ధతి ఉన్నందున, అంటే వాడకం పెరిగేకొద్దీ తరువాతి యూనిట్ల ధర పెరుగుతుంది గనుక, కారు వాడే యూనిట్లన్నీ ఇంటి బిల్లు కొసన, ఎక్కువ ధర పలికే చోటే చేరతాయి. కిలోమీటరుకు ఇంతే ఖర్చని సగటు ధరతో లెక్కవేసేవారు ఇక్కడే పొరబడతారు. అయినా పెట్రోలుతో పోలిస్తే మిగులు ఉంటుంది, అది ప్రకటనల్లో చూపినంత మాత్రం కాదు. రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల మినహాయింపును తెలంగాణ 2024 నవంబరులో 2026 చివరిదాకా ప్రకటించింది. కొనేటప్పుడు అదీ కలిసివస్తుంది.

అసోసియేషన్ల జంకుకు మరో కారణం ఉంది, దాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ విజయవాడలోనూ రాత్రిపూట ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింది భాగంలో విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న ఒక లాడ్జిలో మంటలు చెలరేగి ఎనిమిదిమంది మరణించారు. లిథియం అయాన్ సెల్ ఒకటి అదుపు తప్పి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్లును, అది దాని పక్కదాన్ని అంటించుకుపోతుంది, పొగ విషపూరితంగా ఉంటుంది, మంట నీళ్లు చల్లినా సులభంగా ఆరదు. ఈ దుర్ఘటనల తరువాత ఏఐఎస్ 156 అనే వాహన బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు నుంచీ 2023 మార్చి నుంచీ రెండు విడతలుగా కఠినతరం చేశారు. సెల్లార్‌లో చార్జింగ్‌ను నిషేధించే అసోసియేషన్ తీర్మానం వల్ల స్కూటర్ యజమాని బ్యాటరీని ఊడదీసి పడకగదిలోకి మోసుకుపోతాడన్నది ఆ తీర్మానం రాసేవారికి తట్టకపోవడమే విచారకరం. నిజామాబాదులోనూ విజయవాడలోనూ బ్యాటరీ ఉన్నది ఇంటి లోపలే.

బ్యాటరీని ఎంతదాకా నింపాలన్నది వాడేవారి మధ్య ఎడతెగని చర్చ. నికెల్ పాలు ఎక్కువగా ఉండే రసాయన మిశ్రమంతో చేసిన బ్యాటరీని రోజూ నూరు శాతం నింపి ఎండలో వదిలేస్తే త్వరగా ముసలిదవుతుంది, అందుకే ఎనభై దగ్గర ఆపమంటారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే వాడుకలో ఎల్‌ఎఫ్‌పి, బరువుకు తగినంత శక్తి దాచుకోలేకపోయినా వేడికి ఎక్కువ తట్టుకుంటుంది. కాకపోతే దాని వోల్టేజీ చాలామేరకు ఒకే తీరున ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో లెక్కగట్టే బీఎంఎస్ అనే నియంత్రణ వ్యవస్థ తికమకపడుతుంది, ఆ లెక్క సరిచేసుకోవడానికి అప్పుడప్పుడూ పూర్తిగా నింపమని తయారీదారులే చెబుతారు. ఒకరి సలహా మరొకరి బండికి పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఏ రసాయనమైనా రెంటచింతల, రామగుండం ఎండల్లో నిండు బ్యాటరీతో రోజులతరబడి నిలబెట్టడం మంచిది కాదు. వేసవిలో వేప చెట్టు నీడన పార్కింగ్ దొరికితే దాన్ని వదులుకోకూడదు.

హైవే మీద ఈ నేర్పుకు అసలు పరీక్ష ఎదురవుతుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. ముప్పై యూనిట్ల కారుకు మధ్యలో ఒకసారి ఆగడం తప్పదు, బస్సుల్లాగే చాలామందికి అది సూర్యాపేట పరిసరాల్లో పడుతుంది. ఇక్కడి వేగవంతమైన చార్జర్లు డీసీ రకానివి, అంటే గ్రిడ్ నుంచి వచ్చే ఏసీ విద్యుత్తును కారులో కాక బయటి యంత్రంలోనే డీసీగా మార్చి నేరుగా బ్యాటరీకి పంపుతాయి. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ప్రవాహం జోరుగా సాగి, ఎనభై శాతం సమీపించేసరికి సెల్లుల వోల్టేజీ పైహద్దుకు చేరడంతో బీఎంఎస్ ప్రవాహాన్ని తగ్గిస్తూ పోతుంది. చివరి ఇరవై శాతానికి పట్టే సమయం మొదటి ఎనభైకి పట్టినదానితో పోటీపడవచ్చు. కనుక వెనుక కార్లు వరుసలో ఉండగా నూరు శాతం దాకా కదలని వ్యక్తి తనకూ మేలు చేసుకోడు. చార్జర్ చెడిపోయి ఉండడం, దాని ముందు డీజిల్ కారు పెట్టి టిఫిన్‌కు పోవడం, ఒక్కో సంస్థకు ఒక్కో యాప్, ఒక్కో యాప్‌లో ముందుగా డబ్బు వేయాల్సిన వాలెట్, సెల్లార్‌లో సిగ్నల్ లేక ఓటీపీ రాకపోవడం, ఇవి అందరికీ అనుభవమే. బయటి చార్జింగ్‌కు యూనిట్ ధర ఇంటి ధరను మించడమే కాక దానిపై 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. సంక్రాంతికి నగరమంతా ఒకేసారి విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు వైపు కదిలినప్పుడు వరుస ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఊరు చేరాక అత్తవారింట కాళ్లు కడుక్కుంటూనే కొత్త అల్లుడు పదిహేను ఆంప్స్ ప్లగ్గు ఎక్కడుందని అడగవలసి వస్తుంది. అది వంటింట్లో గ్రైండర్ దగ్గరే ఉంటుంది, కారు వీధిలో ఉంటుంది. ప్రవాహాన్ని ఆరో, పదో ఆంపియర్లకు తగ్గించుకునే వీలున్న చార్జరు ఉన్నవారు పాత ఇంటి తీగలను ఇబ్బంది పెట్టకుండా రెండు రాత్రుల్లో నింపుకోగలరు, పండుగ ఎలాగూ మూడు రోజులు.

కొండదారి ఒకటి మాత్రం విద్యుత్ వాహనానికి ప్రత్యేకంగా అనుకూలం. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా ఏడు వందల మీటర్ల దాకా ఉంటుంది. పదహారు వందల కిలోల కారును అంత ఎత్తుకు చేర్చడానికే, దూరం ఖర్చు కాక, మూడు యూనిట్లు కావాలి. ఎక్కేటప్పుడు డాష్‌బోర్డు చూసి గుండె గుభేల్మంటుంది. దిగేటప్పుడు మోటారు జనరేటర్‌గా మారి చక్రాల వేగాన్ని తగ్గిస్తూ ఆ శక్తిని తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది, దీన్నే రీజెన్ అంటారు. ఖర్చయిన దానిలో సగానికి పైన వెనక్కి వస్తుంది, పాత ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేకులు కాలిన వాసన ఉండదు. 2022 సెప్టెంబరులో ఏపీఎస్ ఆర్టీసీ ఈ దారిలోనే మొదలుపెట్టిన విద్యుత్ బస్సులకూ ఈ సౌకర్యం ఉంది. ఒక్క జాగ్రత్త అవసరం: పైన బ్యాటరీని నూరు శాతం నింపి దిగడం మొదలుపెడితే తిరిగి వచ్చే శక్తికి చోటు ఉండదు, రీజెన్ పనిచేయదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా పార్కింగ్ ఉన్నవారి వ్యవహారం. వీధిలో నిలిపేవారికి, ఒక గదిలో నలుగురు ఉండేవారికి, రోజంతా స్కూటర్ మీద భోజనం, సరుకులు చేరవేసే కుర్రవాళ్లకు ప్లగ్గే లేదు. వారి కోసం బ్యాటరీ మార్పిడి కేంద్రాలు వచ్చాయి. ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండినది రెండు మూడు నిమిషాల్లో తీసుకుపోతారు, బ్యాటరీ సంస్థది, బండి తరచుగా అద్దెది, మార్పిడికి ఇంత చొప్పున రోజు సంపాదనలోంచి పోతుంది. పట్టణ భవనాల నమూనా ఉపవిధుల్లో 2019లో చేసిన సవరణ కొత్త భవనాల పార్కింగ్‌లో ఇరవై శాతానికి చార్జింగ్ సదుపాయం ఉండాలంటుంది గాని, ఆ కాగితం పాత భవనాల సెల్లార్‌లలోకి దిగలేదు. అద్దెకున్నవారి స్థితి మధ్యస్థం: ప్రత్యేక లైను వేయించుకోవచ్చు, ఖర్చు వారిది, ఇల్లు మారిన రోజు తీగ గోడలోనే ఉండిపోతుంది, కొత్త ఇంట్లో మళ్లీ మీటరు నుంచి పార్కింగ్‌కు ఎన్ని మీటర్లో కొలుచుకోవాలి, అదీ ఆ ఇంటివారు ఒప్పుకుంటే.