ధర దిగని మడతచాకు

మడతచాకుల్లో ఒక పాత చిక్కుంది. ఇరుసు దగ్గర స్క్రూ గట్టిగా బిగిస్తే బ్లేడు కదలదు, వదిలితే అటూ ఇటూ ఊగుతుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఆపి సరిపెట్టుకోవాలి. అమెరికాలో ఐడహో రాష్ట్రపు బోయిసీలో తయారయ్యే సెబెంజాకు ఆ బాధ లేదు. దాని ఇరుసు చుట్టూ చిన్న లోహపు గొట్టం ఉంటుంది. బ్లేడు మందం, రెండు పక్కలా ఉన్న కంచు వాషర్ల మందం కలిపితే ఎంతో, దాని పొడవు అంతకు వెంట్రుకవాసి ఎక్కువ. స్క్రూ కడదాకా బిగించినా ఆ ఒత్తిడంతా గొట్టమే మోస్తుంది. బ్లేడు మాత్రం నింపాదిగా తిరుగుతూనే ఉంటుంది.

దీన్ని రూపొందించిన క్రిస్ రీవ్ 1989లో దక్షిణాఫ్రికా నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డారు. ఆయనకు అసలు పేరు తెచ్చింది లాకు. అంతకుముందు బ్లేడును ఆపే పట్టీని పిడి లోపల విడిగా అమర్చేవారు. రీవ్ టైటానియం పిడి పలకనే కోసి, ఆ పట్టీని అందులోంచే తీశారు. చాకు తెరవగానే అది లోపలికి వంగి బ్లేడు మడమకు అడ్డు నిలుస్తుంది. పిడిని బిగించి పట్టుకునేకొద్దీ వేళ్లే దాన్ని ఇంకా గట్టిగా అదుముతాయి. ఇవాళ ఎన్ని కంపెనీలు ఈ పద్ధతిని వాడుకుంటున్నాయో లెక్కలేదు.

సాదా రకానికే నాలుగు వందల డాలర్లు దాటే ఈ చాకు మీద తగ్గింపు వెతికేవాళ్లకు నిరాశ తప్పదు. కొత్తది ఏ అధీకృత డీలరు దగ్గర చూసినా ధర దాదాపు ఒక్కటే.

ఎమ్మార్పీకి అలవాటుపడ్డ మనకు ఇది వింతే. ఎమ్మార్పీ పైహద్దు, దానికి దిగువన ఎంతకమ్మినా దుకాణదారు ఇష్టం. అమెరికా చాకుల వ్యాపారంలో ఎక్కువగా కనిపించేది కిందిహద్దు. ఫలానా ధరకన్నా తక్కువకు ప్రకటన ఇవ్వొద్దని తయారీదారు డీలర్లకు చెబుతాడు. ఆ నిషేధం ప్రకటనకే, అమ్మకానికి కాదు. అందుకే కొన్ని ఆన్‌లైన్ దుకాణాల్లో, సరుకును కార్టులో వేస్తేగానీ ధర కనిపించదు. అమ్మే ధరకే హద్దు గీసే కంపెనీలూ ఉన్నాయి. అలాంటి ఒప్పందాన్ని అమెరికా కోర్టులు 1911 నాటి ఒక తీర్పు నుంచి నేరుగా చట్టవిరుద్ధంగానే చూసేవి. 2007లో లీజిన్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో ఆ పాత తీర్పును పక్కనపెట్టింది. అప్పటినుంచి కేంద్ర చట్టం కింద, అది పోటీకి మేలు చేస్తోందా, కీడు చేస్తోందా అని కేసుకు కేసు తూచి చూస్తున్నారు. ఇంతకీ ఆ తగాదా ఆడవాళ్ల బెల్టులూ బ్యాగులూ డిస్కౌంటుకు అమ్మినందుకు!

కొనేవాడి జేబుకు ఈ హద్దు బరువే. అయినా సెబెంజా విషయంలో నా ఓటు దానికే. ఇరుసు బిగువు ఫొటోలో కనిపించదు, చేత్తో తెరిచి మూస్తేనే తెలుస్తుంది. అలా చూపించే దుకాణానికి అద్దె, జీతాలు ఉంటాయి. జనం అక్కడ చూసి, ఇంటికెళ్లి ఇంకెక్కడో చవగ్గా కొంటే అది ఎన్నాళ్లు నిలుస్తుంది? నాసిరకం పనికి కూడా ఇదే రక్షణ కోరే కంపెనీల మీద మాత్రం నాకు జాలి లేదు.

సేకరించేవాళ్ల లెక్క వేరు. కొత్తదాని ధర దిగదు కాబట్టి పాతదాని విలువా అంత తేలిగ్గా జారిపోదు. తగ్గింపంటూ దొరికితే సాధారణంగా మోడల్ మారినప్పుడు మిగిలిపోయిన సరుకు మీద, లేదా చేతులు మారిన చాకుల మీద. సెబెంజా 21 స్థానంలో 31 వచ్చింది. ఇందులో పట్టీ కొసన సెరామిక్ గుండు ఉంటుంది. ఆగిపోయిన మోడలే ఒక్కోసారి ప్రియమవుతుంది, అది వేరే సంగతి.

వాడిన 21 ఎవరైనా బేరానికి పెడితే, తెరిచి, పట్టీ బ్లేడు మడమ మీద ఎంతదూరం జరిగి ఆగిందో చూడండి. అవతలి అంచుదాకా వచ్చేసిందంటే లాకు అరిగినట్టే. ఎంత తగ్గించినా తీసుకోకండి.