ఆవంలో పుట్టిన దృశ్యం: జపాను పుష్పపాత్రల్లో ‘కెషికి’ భావన

జపాను మృణ్మయ కళను పరిచయం చేసే రచనల్లో తరచుగా కనిపించే మాట ‘ప్రకృతి ప్రేరణ’. కళాకారుడు కొండనో, పొగమంచునో, నాచు పట్టిన రాతినో చూసి స్పందించాడనీ, ఆ స్పందన మట్టిలో రూపం కట్టిందనీ దీని అర్థం. 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం ఆరంభంలో ఇగా ప్రాంతంలో తయారైన పుష్పపాత్రల విషయంలో ఈ వివరణ తలకిందులవుతుంది. అక్కడ దృశ్యాన్ని చూసి పాత్ర చేయలేదు. పాత్ర ఆవం నుంచి బయటికి వచ్చాక దాని మీద దృశ్యాన్ని చూశారు.

జపాను తేనీటి గోష్ఠి సంప్రదాయంలో ఈ చూపుకు ‘కెషికి’ అని పేరు. వాడుకలో ఆ మాటకు ప్రకృతి దృశ్యమనే అర్థం. పాత్రల ప్రసక్తి వచ్చినప్పుడు మట్టి, నిప్పు, బూడిద కలిసి పాత్ర ఒంటి మీద మిగిల్చిన గుర్తులన్నీ కెషికియే. ఇగా నేటి మియె ప్రాంతంలో ఉంది. కొండ దాటితే షిగరాకి. ప్రాచీన బివా సరస్సు అడుగున పేరుకున్న మట్టి ఈ రెండు చోట్లా దొరుకుతుంది. అందులోని ఫెల్‌స్పార్ పలుకులు కాల్పులో తెల్లగా పైకి తేలుతాయి. వాలు నేలలో సొరంగంలా కట్టిన ‘అనగామ’ ఆవంలో రోజుల తరబడి కట్టెలు మండుతుంటే బూడిద ఎగిరి పాత్ర భుజాల మీద పడుతుంది. 1200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో అది మట్టిలోని సిలికాతో కలిసి కరిగి, ఆకుపచ్చని గాజులా కిందికి జారుతుంది. ఆ గాజును ‘బిదొరొ’ అంటారు. గాజుకు పోర్చుగీసు వారి మాటే జపాను నోట అలా మారింది. జారుతూ ఆగిపోయిన చుక్క పేరు తూనీగ కన్ను. నిప్పుకణికల్లో కూరుకుపోయి నల్లబడిన భాగం ‘కొగె’, అంటే మాడు. అన్నం అడుగంటితే వచ్చే మాడుకూ అక్కడ ఇదే మాట. వంటింటి లోపం పేరు సౌందర్య పరిభాషలోకి ఎక్కడం గమనించదగినది.

ఇదంతా యాదృచ్ఛికమేనా? ‘ప్రకృతే కళాకారుడు’ అనే ప్రశంస వినసొంపుగా ఉంటుంది గాని, అది కుమ్మరి శ్రమను మరుగుపరుస్తుంది. ఏ పాత్రను నిప్పుకు ఎంత దగ్గరగా పెట్టాలి, ఏ వైపు మంటకు తిప్పాలి, కట్టెలు ఎప్పుడు వేయాలి అనేవి అనుభవంతో తీసుకున్న నిర్ణయాలు. రూపంలో సంకల్పం మరింత స్పష్టం. సారె మీద తీసిన గుండ్రని పాత్రను చేతితో నొక్కి వంకర చేశారు, చెక్కతో గాట్లు పెట్టారు, రెండు వైపులా ‘చెవులు’ అతికించారు. ఫురుతా ఒరిబె వంటి తేనీటి గురువుల అభిరుచి ఈ వంకరతనం వెనుక ఉంది. టోక్యోలోని గొతో మ్యూజియంలో ఉన్న ఇగా నీటిపాత్ర పేరు ‘చిరిగిన సంచి’. కాల్పులో దాని పొట్ట పగిలింది. ఆ పగులునే లోకం మెచ్చుకుంది. పగులు నిప్పు పని. దాన్ని పారేయకుండా ఉంచడం మనిషి పని.

1925లో సహచరులతో కలిసి ‘మింగెయ్’, అంటే జానపద కళ, అనే మాటను రూపొందించిన యానాగి సోయెత్సు కొలమానం ఇక్కడే ఇబ్బందిలో పడుతుంది. సంకల్పం లేని చేతిలోనే ఉత్తమ సౌందర్యం పుడుతుందని ఆయన వాదం. కొరియాలో నిత్యోపయోగానికి చేసిన గిన్నెలను మెచ్చి, రాకు గిన్నెల్లోని బుద్ధిపూర్వకమైన వంకరలను ఆయన తప్పుపట్టాడు. ఆ తర్కాన్ని పాటిస్తే ఇగా పాత్ర కూడా తప్పే కావాలి. కాని ఇగా పాత్రలో సంకల్పం ఒక హద్దు దాకా వచ్చి ఆగి, మిగతాది నిప్పుకు వదిలింది. ఈ మధ్యస్థితికి యానాగి విభజనలో చోటు లేదు. ముందే బూడిద పూసి ఆ జాడలను అనుకరించే ఆధునిక పాత్రలకైతే ఆయన ఆక్షేపణ నేటికీ చక్కగా సరిపోతుంది.

అలంకార శాస్త్రజ్ఞులకు ఈ చిక్కు కొత్తది కాదు. వస్తుస్వభావం అలంకార్యమైనప్పుడు అదే అలంకారం ఎలా అవుతుందని ప్రశ్నించి, కుంతకుడు స్వభావోక్తిని అలంకారంగా అంగీకరించలేదు. ఇగా పాత్రపై జారిన గాజుపూత అలంకారమా, అలంకార్యమా? గీసిన బొమ్మను పాత్ర నుంచి వేరు చేసి ఆలోచించవచ్చు. ఈ పూతలో మట్టే కరిగి కలిసింది.

క్యోటో కళాకారుడు మియాషితా జెంజి (1939–2012) దారి దీనికి పూర్తిగా ఎదురు. ఆయన పుష్పపాత్రల మీద రంగు కలిపిన మట్టి పలుచని పొరలుగా, ముదురు నుంచి లేతకు, ఒకదానిపై ఒకటి ఒదుగుతుంది. చూస్తే దూరపు కొండల వరుసలు, పైన తెల్లవారే ఆకాశం. ఇక్కడ నిప్పుకు వదిలింది దాదాపు ఏమీ లేదు. అయినా అది ఏ కొండకూ చిత్రపటం కాదు. పాత్ర వంపు మారిన చోట కొండ అంచూ మారుతుంది. అందుకే ఫొటోలో ఒక వైపు మాత్రమే చూసినవారికి ఇవి అందమైన చిత్రాలుగా మిగిలిపోతాయి. ‘ప్రకృతి ప్రేరణ’ అనే మాట నిజంగా ఒప్పేది ఇటువంటి పాత్రలకే.

ఇగా పాత్ర అడిగే చూపు వేరు. దాని చుట్టూ ఉన్న గుర్తుల్లో ఏ వైపు ‘ముఖం’ అవుతుందో చూసేవాడే ఎంచుకుని, తేనీటి గదిలో దాన్ని ముందుకు తిప్పి పెడతాడు. సహృదయుని పాత్ర ఇంత భౌతికంగా కనిపించే కళలు అరుదు. పూవు పెట్టే ముందు పాత్రను నీటితో తడుపుతారు. తడిసిన మట్టి రంగు ముదురుతుంది, ఆకుపచ్చ గాజు మెరుగెక్కుతుంది, మాడు వానలో తడిసిన బండలా నల్లగా నిగనిగలాడుతుంది. మ్యూజియం అద్దాల వెనుక అదే పాత్ర పొడిగా ఉంటుంది.