పాత రివాల్వర్‌ను చదివే చేతులు

తాతల నాటి రివాల్వర్ చేతికొస్తే చాలామందికి వచ్చే మొదటి ఆలోచన, పాలిష్ పెట్టి తళతళలాడేలా తోమడం. తుపాకుల పని తెలిసిన మేస్త్రీ దానికి ఒప్పుకోడు. ఆయన మీద నా గౌరవం మొదలయ్యేది అక్కడే. ముందు తూటాల గూళ్లన్నీ ఖాళీయో కాదో చూస్తాడు, ఆ తర్వాతే భూతద్దం తీస్తాడు.

1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న వెబ్లీ మార్క్ 6నే చూడండి. గొళ్లెం నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే ఆరు గూళ్ల సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారపు ముక్క లేచి తూటాలను పైకి నెడుతుంది. మేస్త్రీ బర్మింగ్‌హామ్ పరీక్షా ముద్రల కోసం, సర్కారు సొత్తని చెప్పే బాణం గుర్తు కోసం వెతుకుతాడు. సిలిండర్ వెనక అంచు కొలుస్తాడు. .455 తూటాకు చేసిన ఆ సిలిండర్లలో చాలావాటిని తర్వాత .45 ఏసీపీ తూటా పట్టేలా అరగదీశారు. కంపెనీ చేసిన ఏసీపీ తూటా పీడనం ఆ పాత ఉక్కుకు మించినది. ఆ కాస్త తేడాను పట్టే కన్ను ఒక ప్రాణాన్నే నిలబెట్టవచ్చు.

భద్రపరచడానికి పలచని నూనె, మెత్తటి గుడ్డ చాలు. తోలు ఒరలో మాత్రం ఉంచనివ్వడు, తోలు తేమను పట్టి ఉక్కును తినేస్తుంది. మన దేశంలోనైతే ఇంకో మాట కూడా కచ్చితంగా చెబుతాడు: వారసులైనా సరే, 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు చేతికొచ్చేదాకా దాన్ని పోలీసు స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి.