కంగారును జయించే చదువు

స్కూబా శిక్షకుడు నీళ్లలో తిరగడం నేర్పుతాడనుకుంటాం. అసలు అతను నేర్పేది కంగారు పడకుండా ఉండడం. సముద్రంలో 10 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీది ఒత్తిడికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి దూసుకొస్తే, అది వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చేయగలదు. అంటే, భయపడ్డ మనిషికి సహజంగా తోచే పనే అక్కడ ప్రాణం తీస్తుంది. అందుకే రుషికొండలోనైనా అండమాన్‌లోనైనా మంచి గురువు ముందు లోతులేని నీళ్లలో శిష్యులను మోకాళ్ల మీద కూర్చోబెడతాడు. గాలి అందించే రెగ్యులేటర్‌ను నోట్లోంచి తీయించి, సన్నగా బుడగలు వదులుతూనే కుడిచేతిని వెనక్కి తిప్పి దాని గొట్టం వెతికి పట్టుకోమంటాడు. మాస్కులోకి నీళ్లు రానిచ్చి, ముక్కుతో ఊది వెళ్లగొట్టమంటాడు. గాలి అయిపోయిందని మెడ దగ్గర అరచేతిని అడ్డంగా ఆడిస్తే, జోడీగా దిగిన డైవర్ తన రెండో రెగ్యులేటర్ అందించాలి. ఇదంతా చేతికి అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ.

డైవ్ కంప్యూటర్లుండగా ఇంత సాధన ఎందుకని అడగొచ్చు. కంప్యూటర్ హెచ్చరిస్తుంది, బెదిరినవాడి చెయ్యి మాత్రం పట్టుకోదు. ప్రమాదాల మాటెత్తితే కొత్తవాళ్లు పారిపోతారన్న వాదనా ఉంది. బెదిరేదేదో లేచి నిలబడితే తల తేలే నీళ్లలోనే బెదరడం మేలు. ఏమీ జరగని రోజున ఈ పనితనం ఎవరి కంటా పడదు. ఆ ఏమీ జరగకపోవడమే దాని ఫలితం.